ఎవరి చేతి ఉగ్గు

"ఈ వీడియోలో పిల్ల ఎవరిది వదినా? నీ నోటితో నువ్వే చెప్పు."

మా ఆడపడుచు ప్రశాంతి ఫోను తెచ్చి నా ముందు పడేసింది. ఇంట్లో ఇంకెక్కడా చోటు లేనట్టు, వేయించి ఆరబోసిన పెసరపప్పు బేసిన్లో పడేసింది. ఆ పప్పు ఇక పనికిరాదు, మళ్ళీ నానా తంటాలు పడి వేయించుకోవాలి. ముందు నాకొచ్చిన ఆలోచన అదే. మనిషి బుద్ధి ఎట్టాంటిదో చూడండి, కొంప మునుగుతుంటే పప్పు గురించి ఏడ్చింది.

మాచర్ల నుంచి మా నరసరావుపేటకి మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టుంది. చెప్పులు విడవలేదు, చంకలో పిల్లని దించలేదు, మంచినీళ్ళు అడగలేదు. నేరుగా వసారాలోకొచ్చి నిలబడింది.

ఫోనులో నేనున్నా. నా ఒళ్ళో ప్రశాంతి కూతురు యశస్విని ఉంది. నేను వెండి గిన్నెలో ఉగ్గు కలిపి వేలితో పెడుతుంటే, పిల్ల చప్పరిస్తా నవ్వుతోంది. కింద ఎర్రక్షరాలతో పేజీ పేరు: యశూ అమ్మ చేతి ఉగ్గు.

"యశు," అన్నా.

"పిల్ల యశు. సరే. మరి పక్కన అమ్మ అని రాసి ఉందే, ఆ అమ్మ ఎవరు?"

 మూకుడు కింద స్టవ్ ఆపేశా.

పక్కన పిండి జల్లిస్తున్న జాన్‌బీ అక్క చెయ్యి కూడా ఆగింది. మా పక్కింటి మనిషి. ఇంటి నిండా పిల్లల్ని కని పెంచిన తల్లి. జల్లించడానికి, పాకెట్లు కట్టడానికి పొద్దునపూట వచ్చిద్ది. "నేను మళ్ళొస్తా త్రివేణమ్మా," అని లేవబోయింది.

"కూర్చో అక్కా. మా ఇంట్లో నీకు తెలియని బాగోతం ఏముందని," అన్నా.

అప్పటికి నాకు అట్టాగే అనిపించింది. నాకే తెలియనిది ఒకటుందని ఆ తర్వాత తెలిసింది.

"అడుగుతున్నా కదా వదినా. మొన్న మా అత్తగారి వైపు వాళ్ళింట్లో ఓణీల ఫంక్షన్. భోజనాల కాడ ఎవరో ఒకావిడ వచ్చి పిల్ల బుగ్గ గిల్లింది. ‘ఈ పాప ఉగ్గు వీడియోలో పాప కదా, మీకు పెంచుకోను ఇచ్చారా’ అనింది. నన్ను. కన్నదాన్ని. బంతిలో అందరూ తినటం ఆపి నా వంక చూశారు."

"తెలియనావిడ ఏదో అడిగితే..."

"మా అత్తగారు తెలిసినావిడేగా. ఆవిడ ఇంటికొచ్చేదాకా కూడా ఆగలా. ‘ఇంతకీ నువ్వు కన్నావా, మీ వదిన కన్నదా’ అని నలుగురిలో అనింది. నేను ఏం చెప్పాలి?"

 ఆ మాటకి నా మనసూ చివుక్కుమంది, కాదనను. పదిమందిలో మాట పడటం ఎట్టా ఉంటదో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. ఎక్కడ ఏ పెళ్ళికి పోయినా ‘ఏమన్నా విశేషమా’ అని నా పొట్ట వంక చూసి అడిగే వాళ్ళ మధ్య బతుకుతున్నదాన్ని.

"ఆ వీడియో తీసింది ఎవరు ప్రశాంతీ?"

"నేనే. అయితే?"

"పురిటికొచ్చి పిల్లకి ఎనిమిదో నెల వచ్చేదాకా ఇక్కడే ఉన్నావు. పిల్ల నా చేత్తో తప్ప తినట్లేదని నవ్వుకుంటా నువ్వే తీశావు. ‘వదినా, ఉద్యోగం పోయిందని మొహం వేలాడేసుకుని కూర్చోబాక, ఈ ఉగ్గు జనానికి అమ్ము, నేను పెడతా ఫోన్లో’ అని నువ్వే అన్నావు."

"ఉగ్గు అమ్ముకోమన్నా. నా పిల్లకి అమ్మవైపొమ్మన్నానా?"



ఎట్టా జరిగిందంటే అట్టా జరిగింది. మొదటి వీడియో కింద ఎవరో ‘మీ పాప చానా ముద్దుగా ఉందండీ’ అని రాశారు. నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నా. తర్వాత ఇంకొకరు ‘యశూ అమ్మా, మా బాబుకి ఏ నెల నుంచి పెట్టొచ్చు’ అని అడిగారు. ఏ నెల నుంచి పెట్టొచ్చో చెప్పా. నేను అమ్మని కాదని చెప్పలా. రోజూ పదిమంది అమ్మా అని పిలుస్తుంటే, కాదు కాదు అని ఏ ఆడదైనా అంటదేమో గానీ నేను అనలేకపోయా. ఆ పిలుపు నాకు తియ్యగా ఉంది. ఉంటే ఉంది, దొంగతనం చెయ్యలేదుగా.

కానీ పాకెట్ మీద ఆ పేరు కొట్టించింది నేను కాదు. కొట్టించిన మనిషి అక్కడే మంచం మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది.

మా అత్తయ్య వీరరాఘవమ్మ.

ఆ రోజు ఆమె అన్న మాట నాకింకా చెవిలో ఉంది. నేను ‘త్రివేణి ఉగ్గు’ అని కొట్టిద్దామంటే, "నీ పేరెందుకే, పిల్లల్లేని దాని చేతి ఉగ్గంటే పేటలో ఒక్కతి కొనదు. యశూ అమ్మ అని వెయ్యి. పిల్ల పేరే, మనింటి పిల్లేగా," అంది. మా ఆయన యల్లమంద తలూపి స్టిక్కర్లు కొట్టించుకొచ్చాడు. అంతే.

ఇప్పుడు ఆమె నోరు విప్పితే చాలు. ‘నేనే వేయించానే ప్రశాంతీ’ అంటే చాలు. నేను ఆమె వంక చూశా. ఆమె వెల్లుల్లి వంక చూసింది.

"అత్తయ్యా, మీరేం మాట్లాడరా?"

"నన్ను మధ్యలోకి లాగబాకండి. మీరూ మీరూ ఒకటి. నాకు తలనొప్పిగా ఉంది," అంది.

ఆ తలనొప్పి సరిగ్గా నాకు ఆమె మాట అవసరమైనప్పుడే వచ్చిద్ది. నా ఉద్యోగం పోయిన రోజూ అట్టాగే వచ్చింది.

పేటలో పిల్లల ఆసుపత్రి ఒకటుంది, అందులో టోకెన్ కౌంటర్ నాది. ముసలి డాక్టరు గారున్నన్నాళ్ళూ బిడ్డని ఎత్తుకుని ఏ తల్లి వచ్చినా ముందు నా దగ్గరికే రావాలి. ఒక చేత్తో చీటీ రాసేదాన్ని, ఇంకో చేత్తో పిల్లని పట్టుకునేదాన్ని, వాళ్ళు పర్సు వెతుక్కునేదాకా. నా చేతిలో పిల్లని పెట్టటానికి ఒక్క తల్లి కూడా వెనకాడలా. నీకు ఎంతమంది పిల్లలని ఒక్కరూ అడగలా. కౌంటర్ త్రివేణి అంటే బరంపేట నుంచి మల్లమ్మ సెంటర్ దాకా తెలియని వాళ్ళు లేరు. డాక్టరు గారు పెద్దవారై ఆసుపత్రి వేరేవాళ్ళకి ఇచ్చేస్తే, వాళ్ళు టోకెన్లు ఫోన్లో పెట్టి, ‘మేడమ్, వచ్చే నెల నుంచి రానక్కర్లేదు’ అన్నారు. అంత తేలిక. అప్పటిదాకా నాకో పేరుంది. తెల్లారేసరికి యల్లమంద పెళ్ళాన్ని అయిపోయా, అదీ పిల్లల్లేని పెళ్ళాన్ని.

ఈ ఉగ్గు మొదలుపెట్టాకే మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. కడిగి, నీడన ఆరబెట్టి, దేనికదే సన్నసెగ మీద వేయించి, మరపట్టించి, గుడ్డలో జల్లించి, ఎక్కడెక్కడి తల్లులకో పంపుతున్నా. ఇది కూడా పోతే నేను ఏ మొహం పెట్టుకుని ఈ ఇంట్లో తిరగాలి.

"స్టిక్కర్లు మారుస్తా," అన్నా ప్రశాంతితో. "యశు వీడియోలన్నీ తీసేస్తా. నాదే తప్పు, సరేనా. మీ అత్తగారికి నేనే ఫోన్ చేసి చెప్తా."

"తీసేస్తే సరిపోయిద్దా? ఆ ఫంక్షన్ నుంచి వచ్చిన కాడి నుంచీ దీనికి జ్వరం. మందేస్తే తగ్గుద్ది, మళ్ళీ వచ్చిద్ది. ఇవ్వాళే కాస్త నెమ్మదించింది. దిష్టి కాకపోతే ఏంది?"

"ఊరంతా చూసిన వీడియో. ఎంతమంది దిష్టిని ఆపను నేను?"

"ఊరి సంగతి కాదు వదినా."

"మరి?"

అది వాళ్ళమ్మ వంక తిరిగింది. "చెప్పమంటావా అమ్మా?"

"ఊరుకోవే," అంది అత్తయ్య. మొదటిసారి ఆమె చేతిలో వెల్లుల్లి ఆగింది.

"ఎందుకూరుకోవాలి? నేనే కదా నలుగురిలో మాట పడ్డది. వదినా, నేనిక్కడున్నప్పుడు నువ్వు పిల్లకి ఉగ్గు పెట్టిన ప్రతిసారీ అమ్మ దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళేది గుర్తుందా? ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఎవరి దిష్టి అనుకున్నావు అది? వీధిలో వాళ్ళదనుకున్నావా?"

నేను వీధిలో వాళ్ళదనే అనుకున్నా.

అంతేకాదు. తొడిమలు ఊడిన మిరపకాయలు దిష్టికి పనికిరావని, డబ్బాలోంచి మంచివి ఏరి ఆమె చేతిలో పెట్టేదాన్ని నేనే. ‘తీసుకోండి అత్తయ్యా, ఇవ్వాళ మేడ మీద నుంచి ఎవరెవరో చూశారు పిల్లని’ అని కూడా అనేదాన్ని. ఆమె తీసుకునేది. మంచిపిల్లవే అన్నట్టు తలూపి తీసుకునేది.

 యశు నన్ను గుర్తుపట్టి, చంకలోంచి వంగి నా వైపు చేతులు చాపింది. ప్రశాంతి పిల్లని అవతలి చంకకి మార్చుకుంది.

"అత్తయ్యా, నిజమేనా?" అన్నా.

ఆమె తల ఎత్తలా. "పసిపిల్ల. ఎవరి కన్ను ఎట్టాంటిదో మనకేం తెలుసు. నువ్వు కావాలని చేస్తావని కాదు. లేనిదానికి ఆశ ఉంటదిగా. ఆశ ఉన్న కన్ను మంచిది కాదు," అంది. చాలా మామూలుగా అంది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

నాకు ఏడుపు రాలా. ఒళ్ళు మండింది. కాళ్ళ కింద నుంచి నెత్తి దాకా మండింది. 

జాన్‌బీ అక్క లేచి, పప్పులోంచి ఫోను తీసి, తన కొంగుతో తుడిచి ప్రశాంతి చేతికిచ్చింది. "నా ఆఖరివాడు ఈమె ఒళ్ళోనే పెరిగాడు తల్లీ. ఇప్పుడు కాలేజీకి పోతున్నాడు. నిక్షేపంలాగా ఉన్నాడు," అని, ఇంకేమీ అనకుండా వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

మా ఆయన వచ్చాడు అప్పుడు. ఆదివారం కదా, మాంసానికి పోయాడు. నల్ల కవరు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి చెల్లెల్ని చూసి, "ఎప్పుడొచ్చావమ్మా? ముందే చెప్తే ఇంకాస్త తెచ్చేవాడిని కదా," అన్నాడు. ఆ తర్వాత మా మొహాలు చూశాడు.

యల్లమంద చెడ్డవాడు కాదు. పిడుగురాళ్ళలో సున్నం బట్టీ ఆఫీసులో లోడింగ్ చూస్తాడు. పొద్దస్తమానం లారీ డ్రైవర్లకీ యజమానికీ మధ్య నలిగి వచ్చిన మనిషి, ఇంట్లో మళ్ళీ మధ్యవర్తిత్వం అంటే భయం. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాటే వింటాడు.

ప్రశాంతి గట్టిగా మాట్లాడింది. ఫంక్షన్ సంగతి, అత్తగారి మాట, జ్వరం, అన్నీ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. దిష్టి సంగతి మాత్రం చెప్పలా.

"మరి ఏం చేద్దామంటావు?" అన్నాడు ఆయన.

"నేను ఇంకో రెండు నెలలు ఇక్కడే ఉంటా. మా వాళ్ళ నోళ్ళు మూతపడేదాకా. వీడియోల్లో నేనే కూర్చుంటా, నా పిల్లని ఒళ్ళో పెట్టుకుని. యశూ అమ్మ అంటే యశూ అమ్మే కనపడాలి. అప్పుడు అబద్ధమూ లేదు, గొడవా లేదు. స్టిక్కర్లు కూడా మార్చక్కర్లేదు."

"మాచర్ల వెళ్ళాక?"

"అక్కడి నుంచి పెడతా. ఫోనేగా. వదిన చేసి పంపుద్ది."

ఎంత చక్కగా చెప్పిందో. అందులో ఒక్క తప్పు కూడా కనపడలా మా ఆయనకి. "బాగానే ఉందిగా," అన్నాడు నా వంక చూసి. "నీ పనేం పోదు. చేసేది నువ్వే. కనపడేదే అది."

"ఆ పేజీ నాది," అన్నా.

"ఎవరు కాదన్నారు?"

"అది కూర్చుంటే నాదెట్టా అయిద్ది? రోజూ నాతో మాట్లాడే వాళ్ళున్నారు. ఎడ్లపాడు రమాదేవి గారు పొద్దున లేస్తే నన్నడక్కుండా బాబుకి నీళ్ళు కూడా పట్టదు. వాళ్ళందరికీ నేను ఏమని చెప్పాలి?"

"ఏం చెప్పొద్దు. ఊరుకో. వాళ్ళే అలవాటు పడతారు."

"నేను ఊరుకోను."

అప్పుడు మాట్లాడింది అత్తయ్య. తలనొప్పి తగ్గింది కాబోలు. "ఊరుకోక ఏం చేస్తావే? ఇవ్వాళ మాచర్లలో అడిగారు, రేపు గురజాలలో అడుగుతారు. ఎవతో ఒకతి కూపీ లాగిద్ది. పిల్లల్లేనిదని తెలిస్తే పోయిన నెల కొన్నవాళ్ళు కూడా తెచ్చి గుమ్మంలో పోస్తారు. నేను ఆనాడే చెప్పానా లేదా?"

"చెప్పారు. అమ్మ అని వేయమని చెప్పింది కూడా మీరే."

"వేయమన్నా. నీ మంచికే వేయమన్నా."

ప్రశాంతి వాళ్ళమ్మని చూసింది. ఆ సంగతి దానికి తెలియదు. ఒక్క నిమిషం దాని మొహంలో ఏదో కదిలింది, నాకనిపించింది ఇప్పుడు అడుగుద్ది, నువ్వేనా అమ్మా అని అడుగుద్ది అని. అడగలా. పిల్ల టోపీ సర్దింది.

"యల్లమందా," అన్నా. నేను మా ఆయన్ని పేరు పెట్టి పిలవటం అదే మొదలు. "నువ్వు చెప్పు. మీ అమ్మ నా కంటికి దిష్టి తీసేది నీకు తెలుసా?"

ఆయన మాంసం కవరు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "ఇది పాడైపోద్ది. ఫ్రిజ్‌లో పెట్టు," అన్నాడు.

తెలుసన్నమాట.

నేను సరే అనలా. కాదనీ అనలా. మా ఇంట్లో ఆడది మాట్లాడకపోతే సరే అన్నట్టే లెక్క. మాంసం కడిగా, వండా, వడ్డించా. అందరూ తిన్నారు. కూర బాగా కుదిరిందని ప్రశాంతి రెండోసారి వేయించుకుంది.

ప్రతి ఆదివారం సాయంత్రం మా పేజీలో లైవు ఉంటది. ఆ టైముకి తల్లులు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, సందేహాలు అడుగుతారు, ఆర్డర్లు పెడతారు. ప్రశాంతి మాచర్ల నుంచి మంచి చీర తెచ్చుకోలేదు. మా ఆయన బీరువా తెరిచి ఇచ్చాడు. ఆకుపచ్చ గద్వాల చీర తీసుకుంది. నేను లైవుల్లో కట్టుకునే చీర. నా మొదటి జీతంతో కొనుక్కున్న చీర.

"వదినా, ఉగ్గు ఉడికించి వెండి గిన్నెలో ఇవ్వు. నాకు పలచన ఎంతో తెలీదు," అంది, కుచ్చిళ్ళు సర్దుకుంటా.

ఉడికించా. నెయ్యి వేసి కలిపా. వేడి తగ్గిందో లేదో నా పెదవికి ఆనించి చూసుకున్నా. వంటింటి తలుపు పక్కన నిలబడి గిన్నె అందిస్తే, మా ఆయన ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో అందుకుని చెల్లెలికిచ్చాడు. నేను తలుపు వెనకే ఉండిపోయా. పిల్లకి స్నానం చేయించాలని అత్తయ్య పెరట్లో నీళ్ళపొయ్యి రాజేస్తోంది.

"నమస్కారమండీ. నేను యశూ అమ్మని," అని మొదలుపెట్టింది ప్రశాంతి.

పిల్ల తినకూడదని నేను కోరుకోలేదు. దేవుడి తోడు, కోరుకోలేదు. కానీ అంత బాగా తింటదనీ అనుకోలేదు. నా చేత్తో తప్ప తినదన్నారుగా. వాళ్ళమ్మ వేలు నోట్లో పెట్టగానే చప్పరించింది, నవ్వింది, ఇంకా కావాలని కాళ్ళు తన్నింది. నేను పెట్టినప్పుడు ఎట్టా తిన్నదో అచ్చం అట్టాగే తిన్నది. దానికి ఉగ్గు కావాలి, పెట్టే చెయ్యి ఎవరిదైతే దానికేం. పొద్దున అంత మాట అన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. కొంగు నోట్లో కుక్కుకున్నా.

మా ఆయన ఫోను మీద వచ్చే మాటలు పైకి చదువుతున్నాడు. "చిలకలూరిపేట నుంచి అరకిలో అడుగుతున్నారు. సత్తెనపల్లి నుంచి కిలో. పాప అచ్చం మీ పోలికే అంటున్నారు."

"థాంక్యూ అండీ," అంది ప్రశాంతి.

"ఎడ్లపాడు నుంచి రమాదేవి గారు. ఇన్నాళ్ళూ వీడియోల్లో కనపడిన..." అని ఆయన ఆగిపోయాడు.

"చదువన్నయ్యా."

"ఇన్నాళ్ళూ వీడియోల్లో కనపడిన యశూ అమ్మ ఏరండీ, ఆవిడ ఎవరు అని అడుగుతున్నారు."

ప్రశాంతి నవ్వింది. కంగారుపడితే అట్టా నవ్వుద్ది, నాకు తెలుసు. "అమ్మని నేనేనండీ. ఆవిడ మా ఇంట్లో పనికి సాయం ఉండే ఆవిడ. పాపకి కాస్త అలవాటు," అంది.

నేను మా ఆయన వంక చూశా. తలుపు సందులోంచి ఆయన వీపు కనపడుతోంది, ఫోను పట్టుకున్న చెయ్యి కనపడుతోంది. ఆ చెయ్యి కొంచెం కూడా కదల్లేదు. ‘అదేం మాట’ అని అననక్కర్లేదు. ఫోను ఒక్కసారి వణికినా నాకు చాలు. వణకలా.

నేను తలుపు తోసుకుని బయటికొచ్చా. చేతుల నిండా పిండి. పొద్దుటి చీరే ఒంటి మీద. వచ్చి ప్రశాంతి పక్కన కింద కూర్చున్నా, ఫోనుకి ఎదురుగా.

"రమాదేవి గారూ, నేనేనండీ. నా పేరు త్రివేణి," అన్నా. "ఈ ఇంటి కోడల్ని. పేటలో పిల్లల ఆసుపత్రి కౌంటర్లో ఉండేదాన్ని. మీలో చాలామందికి టోకెన్ రాసిచ్చింది నేనే. ఆ ఉద్యోగం పోయాక ఈ ఉగ్గు మొదలుపెట్టా. ఈ పాప మా ఆడపడుచు ప్రశాంతి కూతురు. అమ్మని నేను కాదు. మీరు అమ్మా అంటుంటే కాదని చెప్పలేదు, అది నాదే తప్పు. నాకు పిల్లల్లేరు. కానీ ఈ ఉగ్గు చేసేది నేను. మొదటి రోజు నుంచీ మీ పిల్లలు తింటున్నది నా చేతిదే."

"త్రివేణీ, లే," అన్నాడు మా ఆయన పళ్ళ బిగువున.

"ఫోను ఆపితే నా ఫోన్లో మళ్ళీ మొదలుపెడతా. ఎన్నిసార్లు ఆపుతావో ఆపు."

ఆయన ఆపలా. పట్టుకోనూ లేదు. పిండి డబ్బాకి ఫోను ఆనించి, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. ప్రశాంతి పిల్లని ఎత్తుకుని, నా చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతుంటే గదిలోకి పోయి తలుపేసుకుంది. లోపల్నుంచి అది ఏడవటం వినపడింది. అదీ పడాల్సిన మాటలన్నీ పడింది, రేపు ఇంకా పడుద్ది. నాకు తెలుసు. అయినా నాకు జాలి రాలా.

నేనూ ఫోనూ మిగిలాం.

మొదట ఎవరూ ఏమీ రాయలా. పైన మూల, చూసేవాళ్ళ లెక్క తగ్గుతా పోతోంది. తర్వాత రమాదేవి గారి పేరు వచ్చింది. ఆవిడ బాబుకి పళ్ళొచ్చేటప్పుడు విరేచనాలైతే కంగారుపడి ఏడుస్తా నాకు ఫోన్ చేసిన మనిషి. యశూ అమ్మా, మీరు దేవత అన్న మనిషి.

"నిన్న వచ్చిన పాకెట్ ఇంకా విప్పలేదండీ. వెనక్కి తీసుకుంటారా?" అని రాసింది.

దాన్ని రెండుసార్లు చదివా. వేరే అర్థం ఏమన్నా వస్తదేమోనని చదివా. రాలా.

"తీసుకుంటానండీ," అన్నా.  "పంపేటప్పుడు యశూ అమ్మ అని రాయొద్దు. త్రివేణి, బరంపేట, నరసరావుపేట అని రాయండి. చేరుద్ది."

అప్పుడొచ్చింది అత్తయ్య పెరటి తలుపులోంచి. పొయ్యి పొగకి కళ్ళు నలుపుకుంటా వచ్చింది. ఇక్కడేం జరిగిందో ఆమె చెవిన పడ్డట్టు లేదు. కుడిచేతి గుప్పిట మూసి ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు రాలుతోంది, మిరపకాయల తొడిమలు బయటికి కనపడుతున్నయ్.

"పిల్ల ఏదే? ఉగ్గు తినటం అయిందా? పొయ్యి బాగా మండుతోంది, తిప్పి పడేస్తా," అంది.

"ఇవ్వాళ నేను పెట్టలేదు అత్తయ్యా. తల్లే పెట్టింది. నేను తలుపు వెనకున్నా," అన్నా. "ఆ దిష్టి ఎవరిదో, ఎవరికి తిప్పుతారో, ఇట్టా వచ్చి తిప్పండి."

ఆమె నా వంక చూసింది. డబ్బాకి ఆనించిన ఫోను అప్పుడు కంటపడింది. లైవు ఇంకా నడుస్తానే ఉంది. తగ్గుతా వచ్చిన లెక్క ఎప్పుడు తిరగబడిందో గానీ, ఇప్పుడు పెరుగుతోంది.

మిరపకాయలు మాత్రం తొడిమలతో సహా మంచివే ఏరుకుంది, నేను ఏరిచ్చినట్టే.